మూడు వందల కిలోమీటర్ల లెక్క

సిలికాన్ ఇంప్లాంటును అరచేతిలో పెట్టుకుని చూస్తే అది నీళ్ల సంచిలా జారిపోదు, రబ్బరు బంతిలా గట్టిగానూ ఉండదు. పైన పల్చటి సిలికాన్ రబ్బరు పొర, లోపల చిక్కటి జెల్. వేలితో నొక్కితే మెల్లగా లోపలికి లొంగుతుంది, వేలు తీస్తే అంతే మెల్లగా తన ఆకారానికి తిరిగొస్తుంది. ఇంత చిన్న వస్తువు గురించి నగరాల్లో అడిగే ప్రశ్నలు చాలానే ఉన్నాయి. గుండ్రటిదా, నీటిబొట్టు ఆకారంలోదా? లోపల ఉప్పునీరా, జెల్లా? పైపొర నున్నగా ఉండాలా, గరుకుగా ఉండాలా? ఛాతీ కండరం ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. అయితే చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో భద్రాచలం వచ్చి, అక్కడ గోదావరి దాటి, మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి హైదరాబాదు చేరే మనిషికి వీటన్నిటికంటే ముందు రావాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఇంప్లాంటు పెట్టించుకుంటే పని ఒక్క రోజులో తీరదు. ఆస్పత్రితో ఏళ్ల తరబడి రాకపోకలు ఉంటాయి. ఆ రాకపోకలు ఎంతవరకు సాధ్యమో తేల్చుకోకుండా ఇంప్లాంటు రకాలు పోల్చుకోవడం వల్ల ఉపయోగం లేదు. దూరాన్ని కూడా రోగ లక్షణాల పక్కన రాసి చూడాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఇంప్లాంటు మాట వినపడేది ఎక్కువగా క్యాన్సర్ వల్లే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 92 వేల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 98 వేల మంది దాకా చనిపోయారు. మనవాళ్లలో చాలామంది గడ్డ ముదిరాకే ఆస్పత్రికి వస్తారు. నొప్పి లేని గడ్డను ఎవరూ పట్టించుకోరు, రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. తునికాకు కోత, ఇప్పపువ్వు ఏరడం, మిరప చేలల్లో కూలి, ఒక పని తర్వాత ఇంకో పనిలో నెలలు గడిచిపోతాయి. భద్రాచలం ఏరియా ఆస్పత్రికి వచ్చేసరికి చంకలో గ్రంథులు కూడా తగులుతుంటాయి. అక్కడి నుంచి ఖమ్మం, ఆ తర్వాత హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి లేదా అలాంటి ఇంకో పెద్దాసుపత్రి. ఈ ఆలస్యానికీ ఇంప్లాంటు ఎంపికకూ సూటిగా సంబంధముంది, అదేమిటో కాసేపట్లో చెబుతాను.

అసలు ఇంప్లాంటు దాకా వెళ్లే ముందు ఒక మెట్టు ఉంది, దాన్ని మనవాళ్లకు చాలాసార్లు చూపించరు. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డను, దాని చుట్టూ కొంత కండను మాత్రమే తీసి, మిగిలిన రొమ్ముకు రేడియేషన్ ఇవ్వడం. మన వాడుకలో కరెంటు పెట్టడం. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర్లో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంక గ్రంథులు అన్నీ తీసేసే ఆపరేషన్‌ను స్థిరపరిచాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమం అన్న నమ్మకం అక్కడి నుంచి దాదాపు ఎనభై ఏళ్లు నడిచింది. దాన్ని లెక్కలతో కూల్చినవాళ్లు ఇద్దరు. ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి 1973 నుంచి 1980 దాకా 701 మందిని రెండు గుంపులుగా చేసి ఒక గుంపుకు హాల్‌స్టెడ్ ఆపరేషన్, రెండో గుంపుకు గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చాడు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ ఇలాంటిదే ఇంకా పెద్ద ప్రయోగం నడిపాడు. ఇరవై ఏళ్లు గడిచాక, 2002లో రెండు ఫలితాలూ అచ్చయ్యాయి. ప్రాణాలు నిలిచిన లెక్కలో రెండు పద్ధతులకూ తేడా లేదు. గడ్డ చిన్నదైతే, లేదా కీమోతో చిన్నదయ్యేటట్టయితే, రొమ్మును దక్కించుకోవడం వైద్య శాస్త్రం ఒప్పుకున్న దారి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. కరెంటు పెట్టించుకోవాలంటే నగరంలో ఉండాలి, అడవి పక్క ఊరి మనిషి వారాల తరబడి హైదరాబాదులో ఎలా ఉంటుంది, మధ్యలో మానేస్తే క్యాన్సర్ తిరగబెడుతుంది, కాబట్టి మొత్తం తీసేయడమే క్షేమం అని చాలామంది సర్జన్లు అనుకుంటారు. ఐదు వారాలకు పైగా రోజూ రేడియేషన్ ఇచ్చిన కాలంలో ఈ వాదనకు బలముండేది. బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాల తర్వాత ఆ గడువు మూడు వారాలకు, 15 విడతలకు దిగింది. 2020లో అచ్చయిన ఫాస్ట్-ఫార్వర్డ్ ప్రయోగం తొలి దశ క్యాన్సర్లలో ఐదు విడతల్ని ఒకే వారంలో ఇచ్చినా ఐదేళ్ల ఫలితాలు మూడు వారాల పద్ధతికి తీసిపోలేదని చూపింది. ఇది అందరికీ వర్తించదు, ఎవరికి సరిపోతుందో తేల్చాల్సింది రేడియేషన్ నిపుణులే. కానీ నెలన్నర మకాం వారానికి తగ్గుతుందంటే, దూరాన్ని చూపి రొమ్ము తీసేసే అలవాటును మళ్లీ ప్రశ్నించక తప్పదు. దూరం మారలేదు, దాని బరువు మారింది. ముదిరిన గడ్డతో వచ్చినవాళ్లకు రొమ్ము తీయక తప్పకపోవచ్చు. వాళ్ల దగ్గరే ఇంప్లాంటు ప్రశ్న నిజంగా మొదలవుతుంది.

1962లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు మొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంటు పెట్టారు. ఈరోజు వాడే అన్ని ఇంప్లాంట్లకూ పైపొర సిలికానే. లోపల నింపేదే వేరు. ఉప్పునీటి రకం చిరిగితే ఆ నీటిని ఒళ్లు పీల్చేసుకుంటుంది, రొమ్ము ఒకటి రెండు రోజుల్లో చదునైపోతుంది, ఎవరికైనా తెలుస్తుంది. జెల్ రకం చేతికి సహజంగా ఉంటుంది, కానీ చిరిగినా చాలాసార్లు బయటికి ఏమీ కనపడదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, జెల్ ఇంప్లాంటు పెట్టిన ఐదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి రెండు మూడేళ్లకూ అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో చేయించుకోమంటుంది. అదే సంస్థ ఇంకో మాట కూడా సూటిగా చెప్పింది: ఇంప్లాంట్లు జీవితాంతం ఉండే వస్తువులు కావు. క్యాన్సర్ తర్వాత పెట్టించుకున్నవాళ్లలో సగం మంది దాకా పదేళ్లలోపు వాటిని తీయించుకోవాల్సి రావచ్చని 2011లో లెక్క కట్టింది. నలభై ఏళ్ల వయసులో పెట్టించుకున్న మనిషికి అది ఒక్క ఆపరేషన్‌తో పోయే వ్యవహారం కాకపోవచ్చన్నమాట.

ఈ వస్తువు చరిత్రలో రెండు గట్టి దెబ్బలు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికొచ్చే జెల్‌కు బదులు కార్ఖానాల్లో వాడే చౌక సిలికాన్ నింపి అమ్మింది. 2010లో బయటపడేసరికి ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది ఒంట్లో అవి ఉన్నాయి. యజమాని జాన్-క్లోద్ మాస్‌కు 2013లో జైలు శిక్ష పడింది. రెండోది పైపొర గరుకుదనానికి సంబంధించింది. గరుకు పొర ఇంప్లాంటు చుట్టూ ఏర్పడే మచ్చ కణజాలంలో అరుదైన లింఫోమా, అంటే తెల్లకణాల క్యాన్సర్, రావచ్చని తేలింది. 2019 జూలైలో అలెర్గాన్ కంపెనీ బయోసెల్ గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి నమోదైన కేసులు 573, మరణాలు 33. కోట్లాది ఇంప్లాంట్లలో ఇది చిన్న సంఖ్యే, సకాలంలో పట్టుకుంటే ఇంప్లాంటునూ దాని చుట్టూ ఉన్న పొరనూ తీసేయడంతోనే ఎక్కువమందికి నయమవుతుంది. కానీ అది సాధారణంగా కనపడేది ఏళ్లు గడిచాక, ఒక పక్క రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బడంతో. అలా ఉబ్బిన రొమ్మును ముందుగా చూసేది చర్ల ఆరోగ్య కేంద్రంలోని డాక్టరో ఏఎన్‌ఎమ్మో. వాపుకు మాత్రలిచ్చి పంపకుండా పైకి పంపాలంటే ఆమె ఒంట్లో ఏ కంపెనీ, ఏ రకం, ఏ నంబరు ఇంప్లాంటు ఉందో వాళ్లకు తెలియాలి. ఆపరేషన్ రోజున ఇచ్చే చిన్న ఇంప్లాంటు కార్డును రేషన్ కార్డు, ఆధార్ దాచుకునే చోటే దాచుకోవాలి.

ఇక ఆలస్యానికీ ఇంప్లాంటుకూ ఉన్న సంబంధం. ఒంట్లో ఏ పరాయి వస్తువు పెట్టినా శరీరం దాని చుట్టూ పల్చటి పొర అల్లుకుంటుంది. అది సహజం. కొందరిలో ఆ పొర మందమై బిగుసుకుని ఇంప్లాంటును పిండుతుంది, రొమ్ము రాయిలా గట్టిపడి వంకర తిరిగి నొప్పి పెడుతుంది. రేడియేషన్ ఈ బిగుతును బాగా పెంచుతుంది, ఎందుకంటే అది చర్మంలోని చిన్న రక్తనాళాలను దెబ్బతీసి మచ్చ కణజాలాన్ని పెంచుతుంది. ముదిరిన గడ్డకు రొమ్ము తీసినా కరెంటు తప్పదు. అమెరికా, కెనడాల్లో పదకొండు కేంద్రాల రోగులను గమనించి రేష్మా జగ్సీ బృందం 2018లో ప్రచురించిన ఫలితాలు చూడండి. కరెంటు పెట్టించుకున్నవాళ్లలో, ఇంప్లాంటు ఉన్నవాళ్లకు రెండేళ్లలో వందకు సుమారు 39 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది, సొంత కండతో రొమ్ము చేయించుకున్నవాళ్లలో 26 మందికి వచ్చింది. మొత్తంగా విఫలమై తీసేయాల్సి వచ్చింది ఇంప్లాంటు గుంపులో వందకు 19 మందికి, సొంత కండ గుంపులో ఒక్కరికి. కరెంటు అవసరం లేనివాళ్లలో ఇంప్లాంటు మంచి దారే. కరెంటు తప్పనివాళ్లకు మాత్రం అది బలహీనమైన దారి. మన ప్రాంతంలో ఆలస్యంగా వచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి రెండో కోవ వాళ్లే ఎక్కువ.

దీనికి దారి ఖర్చు కలపండి. చర్మం చాలకపోతే నేరుగా ఇంప్లాంటు పెట్టరు. ముందు ఛాతీ చర్మం కింద ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెట్టి, వారానికో రెండు వారాలకో సూదితో ఉప్పునీరు కొద్దికొద్దిగా ఎక్కించి చర్మాన్ని సాగదీస్తారు. తర్వాత దాన్ని తీసి ఇంప్లాంటు పెట్టడానికి రెండో ఆపరేషన్. ప్రతి సూదికీ ఒక ప్రయాణం, తోడుగా ఇంకో మనిషి, ఇద్దరి కూలీ. కుట్టు దగ్గర ఎర్రబడి జ్వరమొస్తే గంటల్లోనే చూపించుకోవాలి, లేకపోతే సంచి తీసేయాల్సి వస్తుంది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఊళ్లకు ఊళ్లు తెగిపోయాయి. ఎక్స్‌పాండరు ఉన్న మనిషికి ఆ వారం జ్వరం వస్తే ఏం చేయాలన్నది ఆపరేషన్‌కు ముందే ఆలోచించాల్సిన విషయం. వానాకాలం ముందు ఇలాంటి ఆపరేషన్ మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సొంత కండతో చేసే పునర్నిర్మాణం గురించి నగరాల్లో కూడా తక్కువగా మాట్లాడతారు. అది పెద్ద ఆపరేషన్, చేయగలిగినవాళ్లు తక్కువ. కానీ ఆలోచన మనకు కొత్తది కాదు. తెగిన ముక్కును పక్కనున్న చర్మంతో, రక్తం అందే కాడ తెగకుండా, మళ్లీ కట్టే పద్ధతి సుశ్రుతుడి కాలం నుంచి ఈ దేశంలో ఉంది. 1794లో లండన్ పత్రిక ఒకటి పుణే ప్రాంతపు అలాంటి ఆపరేషన్‌ను వర్ణించాకే యూరప్ దాన్ని నేర్చుకుంది. రొమ్ము విషయంలో ప్రధానంగా రెండు చోట్ల నుంచి కండ తెస్తారు. మొదటిది వీపు. వెన్నెముక నుంచి చంకదాకా విసనకర్రలా పరుచుకున్న వెడల్పాటి కండరాన్ని, దాని మీద ఆకు ఆకారంలో కొంత చర్మాన్ని లేవదీసి, రక్తనాళాలు తెంపకుండానే చంక కింద సొరంగంలా చేసి ముందుకు తిప్పుతారు. రొమ్ము చిన్నదైతే అదొక్కటే సరిపోతుంది, పెద్దదైతే కింద ఇంప్లాంటు కూడా కావాలి. రెండోది పొట్ట. బొడ్డు కింది చర్మం, కొవ్వు తీసుకుంటారు. పాత పద్ధతిలో పొట్ట కండరం కూడా వెళ్లిపోతుంది. కొత్త పద్ధతిలో కండరాన్ని వదిలి సన్నని రక్తనాళాలను మాత్రమే విడదీసి, సూక్ష్మదర్శిని కింద ఛాతీ నాళాలకు కుడతారు. దీనికి ప్రత్యేక శిక్షణ, గంటల తరబడి ఆపరేషన్ థియేటర్ కావాలి.

ఈ రెండిటి మధ్య ఎంపికను అందం లెక్కలో కాక పని లెక్కలో చూడాలి. వీపు కండరం చేతిని పైనుంచి కిందకి, వెనక్కి లాగే కండరం. గొడ్డలి దించేటప్పుడు, బావిలో చేద లాగేటప్పుడు, కొమ్మ పట్టుకుని పైకి ఎగబాకేటప్పుడు అదే పని చేస్తుంది. మిగతా కండరాలు కొంత భారం ఎత్తుకుంటాయి కాబట్టి చాలామందికి కొన్ని నెలల్లో చేయి పనిలోకి వస్తుంది, కానీ కట్టెలు కొట్టి బతికే మనిషికి ఆ కొంచెం లోటు కూడా లోటే. పొట్ట కండరం పోతే వంగి లేవడంలో, బరువెత్తడంలో బలహీనత వస్తుంది, పొట్ట గోడ పల్చబడి హెర్నియా రావచ్చు. నాట్లు వేసే, తలమీద నీళ్ల కుండలు మోసే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అందుకే సర్జన్ అడగాల్సిన మొదటి ప్రశ్న రొమ్ము సైజు గురించి కాదు. నువ్వు ఏం పని చేస్తావమ్మా, ఏ చేత్తో చేస్తావు అన్నది. ఈ ప్రశ్న అడిగితే నిర్ణయం మారిపోయే సందర్భాలు ఎన్నో ఉంటాయి.

ఇక ఏ పునర్నిర్మాణమూ వద్దనుకోవడం కూడా సరైన దారే. ఇది ఓడిపోయినవాళ్ల దారి అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు, అది తప్పు. గాయం మానడం త్వరగా, మళ్లీ ఆపరేషన్లు లేవు, ఏళ్ల తరబడి స్కాన్లు లేవు. అయితే చదునుగా ఉండాలనుకునేవాళ్లకు కుట్టు కూడా శ్రద్ధగా వేయాలి. అదనపు చర్మం చంక దగ్గర మూటలా మిగిలిపోతే జీవితాంతం రవిక రాసుకుంటుంది. పైనుంచి పెట్టుకునే కృత్రిమ రొమ్ము రెండు మూడు రకాలు. సిలికాన్‌ది బరువుగా సహజంగా ఉంటుంది కానీ ఏప్రిల్, మే నెలల్లో భద్రాచలం ఎండలకు దాని కింద చెమట పట్టి చర్మం ఒరుస్తుంది. దూది నింపిన నూలు అల్లికది తేలిక, ఉతుక్కోవచ్చు, గాయం పచ్చిగా ఉన్నప్పటి నుంచే వాడొచ్చు. బ్రా అలవాటు లేని పెద్దావిడకు ఊరి దర్జీ రవికకు లోపలివైపు ఒక మెత్తటి నూలు సంచి కుట్టిస్తే చాలు. పైన తెరిచి ఉండాలి, అతుకులు చర్మం వైపు రాకూడదు. అంతే. వందల్లో అయ్యే ఈ ఏర్పాటును డిశ్చార్జి రోజునే ఇచ్చి పంపితే ఎంత బాగుంటుంది.

ప్రాణం దక్కడమే ఎక్కువ, రొమ్ము మాట ఎందుకు అనే అభ్యంతరం తరచుగా వింటాం, ఎక్కువగా మగవాళ్ల నోట. క్యాన్సర్ వైద్యమే మొదటిది, అందులో వాదన లేదు. కానీ పునర్నిర్మాణం దారులు కొన్ని మొదటి ఆపరేషన్‌లోనే మూసుకుపోతాయి. చర్మం ఎంత మిగల్చాలన్నది అప్పుడే తేలుతుంది. ముందు ప్రాణం, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత అన్నది చాలామందికి రాదు. తమిళనాడు ప్రభుత్వం 2018లో చెన్నై స్టాన్లీ ఆస్పత్రిలో ఉచితంగా రొమ్ము ఇంప్లాంట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, పేదలకు వేరే అవసరాలు లేవా అన్న విమర్శలు వచ్చాయి. ఇలాంటి చికిత్స పేదలకు మాత్రం ఎందుకు అందకూడదన్నది అక్కడి ప్రభుత్వం జవాబు, అది న్యాయమైన జవాబు. నా వాదన దానికి ఎదురు కాదు. అడవి పక్క మనిషికి ఇంప్లాంటు వద్దు అని నేననడం లేదు. కరెంటు అవసరం లేని, రాకపోకలు సాధ్యమయ్యే కోయ యువతికి అది మంచి దారి కావచ్చు. ఉచితంగా ఇంప్లాంటు పెట్టి, ఐదేళ్ల తర్వాత స్కాన్ ఎవరు చేస్తారో, చిరిగితే ఎవరు తీస్తారో చెప్పకుండా పంపితే మాత్రం సాయం సగమే. ఇంప్లాంటు పెడితే క్యాన్సర్ దాని కింద దాక్కుంటుందన్న భయం కూడా ఉంది. పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగదని ఇన్నేళ్ల పరిశీలన చెబుతోంది. తిరగబెట్టే గడ్డలు ఎక్కువగా చర్మం కిందనే, చేతికి తగిలే చోటే వస్తాయి.

ఇవన్నీ ఆమెకు ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నది మిగిలింది. కోయ మాట్లాడే మనిషికి తెలుగులో ఫారం చదివి వేలిముద్ర వేయించుకుంటే దాన్ని అంగీకారం అనలేం. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో రొమ్ము పరీక్ష కూడా భాగమే. గడ్డ దొరికిన రోజునే, పెద్దాసుపత్రికి పంపే ముందే, ఊళ్లో ఆశా కార్యకర్త ఆమెకు ఆమె భాషలోనే ఈ నాలుగు దారులూ (రొమ్మును దక్కించుకోవడం, ఇంప్లాంటు, సొంత కండ, ఏ పునర్నిర్మాణమూ వద్దనుకోవడం) చెప్పగలిగితే హైదరాబాదులో పది నిమిషాల సంప్రదింపు కోసం ఆమె సిద్ధంగా వెళుతుంది. పునర్నిర్మాణం ఆరోగ్యశ్రీ కార్డు కిందికి వస్తుందా, ఎంతవరకు వస్తుంది అన్నది ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

ఈ అధ్యాయం చదివినవాళ్లలో ఎవరికైనా, లేదా మీ ఇంట్లో అమ్మకో అక్కకో వదినకో ఈ ఆపరేషన్ చెప్పి ఉంటే, కాగితం మీద సంతకం పెట్టే ముందు సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి. రొమ్ము మొత్తం తీయక తప్పదా? నాకు కరెంటు పెట్టాల్సి వస్తుందా? ఈ రెండిటికీ జవాబు తెలిశాకే ఇంప్లాంటు సంగతి మాట్లాడండి.